ఏడ్పు నేర్పే పాట: గోరటి వెంకన్న గేయాలు, విలాపవాక్యములు, కొల్లేటి సంఘం

ఉపోద్ఘాతం

గోరటి వెంకన్న గారి 'పల్లె కన్నీరు పెడుతుందో' అనే పాట 2002లో 'కుబుసం' చలనచిత్రం ద్వారా తెలుగువారందరికీ చేరింది. పాలమూరు మాటతీరులో సాగే ఆ పాటను ఏలూరు ప్రక్కన పెదపాడు ప్రాంతంలోనూ మనవారు తమ ఊరి పాటగానే విన్నారు. ఈ వ్యాసకర్త ఆనాటి నుండి ఆయన అభిమాని. ఆయన సభ దగ్గరలో ఉందని తెలిస్తే వెళ్లి వెనుక వరుసలో నిలబడి విన్నవాడు. విన్న ప్రతిసారి కన్నీరు పెట్టుకున్నవాడు.

అయితే చాలా సంవత్సరాల తరువాత ఒక ప్రశ్న బాధించింది. ఆ పాట విని ఇంత ఏడ్చిన నేను, సేవకుడిగా నా సంఘంలో ఎవరినైనా ఏడ్వనిచ్చానా? ఈ ప్రశ్న ఒక భూస్థాపన కార్యక్రమం దగ్గర పుట్టింది. చేపల చెరువు పనికి పోయి చనిపోయిన ఒక యువకుని తల్లి, శవపేటిక ప్రక్కన కూర్చుండి రాగం తీసి ఏడుస్తున్నది. కొడుకు బాల్యం, అతడు తెచ్చిన కూలి, తీరని అప్పు, అన్నిటినీ వరుస పెట్టి పాడుతున్నది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకో అమ్మా, నిరీక్షణ లేనివారివలె ఏడ్వకూడదు" అన్నాను. ఆమె ఊరుకున్నది. పాట ఆగింది. ఆ తరువాత నేను చేసిన ప్రసంగం ఆమె విన్నదని నేను అనుకోను.

వెంకన్న పాటకు చప్పట్లు కొట్టిన చేతితోనే ఆ తల్లి పాటను ఆపాను. ఈ వైరుధ్యాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. వెంకన్న పాట మన సంఘాలు పోగొట్టుకున్న విలాపాన్ని మనకు గుర్తు చేస్తున్నది. అదే సమయంలో, ఆ పాటను అభిమానించడం విలపించడానికి బదులు కాదని యెహెజ్కేలు గ్రంథం మనలను హెచ్చరిస్తున్నది.

1. పాటగాడు, పాట

గోరటి వెంకన్న 1963లో నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని గౌరారం గ్రామంలో జన్మించారు. ఆయన మన కాలపు వాగ్గేయకారుడు. అనగా పాట తానే కట్టి, తానే బాణీ కూర్చి, తానే పాడేవాడు. పాడుతూ ఆడతారు కూడా. 'ఏకునాదం మోత', 'రేల పూతలు', 'అల చంద్రవంక', 'పూసిన పున్నమి', 'వల్లంకి తాళం' ఆయన పాటల సంపుటాలు. 'వల్లంకి తాళం' 2021 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. 2020లో ఆయన తెలంగాణ శాసనమండలికి గవర్నరు కోటాలో సభ్యులయ్యారు.

ఆయన పాట బలం ఎక్కడున్నది? నా అవగాహనలో అది మూడు విషయాలలో ఉన్నది.

మొదటిది, ఆయన వస్తువులను లెక్క పెడతారు. 'పల్లె కన్నీరు' పాటలో గ్రామం నాశనమైనదని ఒక్క మాటలో చెప్పి ఊరుకోరు. కుమ్మరి వామి, కమ్మరి కొలిమి, సాలె మగ్గం, ఒక్కొక్క పనిముట్టు దగ్గర ఆగి, దానికేమైనదో చూపిస్తారు. శవం ప్రక్కన కూర్చున్న తల్లి కూడా ఇదే చేస్తుంది. చనిపోయినవాని చొక్కా, చెప్పులు, పలుపు, సైకిలు, ఒక్కొక్కటి పేరు పెట్టి పిలుస్తుంది. దుఃఖానికి సాధారణ నామాలు చాలవు.

రెండవది, ఆయన ఊరిని మనిషిని చేస్తారు. పల్లె ఏడుస్తుంది. తన ఊరి వాగు మీద కట్టిన 'వాగు ఎండిపాయెరో' పాటలో ఎండిన వాగు బంధువును పోగొట్టుకున్నట్లు మనకు తోస్తుంది.

మూడవది, ఆయన తన యాసను దాచుకోరు. పుస్తక భాషలో పల్లె దుఃఖాన్ని వర్ణిస్తే వినేవాడు జాలిపడతాడు. పల్లె నోటితోనే పాడితే వినేవాడు తన ఇంట్లో జరిగినట్లు వింటాడు. అందుకే పాలమూరు మాట పెదపాడువానికి పరాయిగా వినిపించలేదు.

2. విలాపవాక్యములలో ఇదే రూపం

సెమినరీలో విలాపవాక్యముల గ్రంథం చదివినవారికి ఈ మూడు లక్షణాలు పరిచయమైనవే. హెబ్రీ బైబిలులో ఆ గ్రంథానికి 'ఏఖా' అని పేరు. అనగా 'ఎట్లు' అని అర్థం. 1, 2, 4 అధ్యాయాలు ఆ మాటతోనే మొదలవుతాయి. అది ప్రశ్నయే గాని జవాబు కోసం అడిగినది కాదు. మన స్త్రీలు రాగం తీసేటప్పుడు "ఎట్లా పోతివి" అని ఎత్తుకునే మాటకు అది దగ్గర.

మొదటి నాలుగు అధ్యాయాలు హెబ్రీ అక్షరమాల క్రమంలో ఉన్నాయి. మూడవ అధ్యాయంలో ఒక్కొక్క అక్షరానికి మూడేసి వచనాలు చొప్పున 66 వచనాలు. దుఃఖాన్ని మొదటి అక్షరం నుండి చివరి అక్షరం వరకు ఏదీ విడువకుండా లెక్క పెట్టాలన్నది ఆ కవి పట్టుదల. 1882లో కార్ల్ బుడ్డే అనే జర్మను పండితుడు ఈ విలాపాల నడకను గుర్తించాడు. ఒక పాదంలో మొదటి భాగం మూడు ఊనికలు, రెండవ భాగం రెండు ఊనికలు. రెండవ భాగం కుంటుతూ నడుస్తుంది. ఏడ్చేవారి గొంతు వాక్యం చివర తగ్గిపోయినట్లు ఉంటుంది. దీనినే 'కీనా' అంటారు.

సీయోను ఇక్కడ విధవరాలు (విలాప 1:1). రాత్రివేళ ఏడుస్తుంది, ఓదార్చేవారు లేరు (1:2). త్రోవను పోయేవారిని పిలిచి తన దుఃఖాన్ని చూడమంటుంది (1:12). ఐదవ అధ్యాయం మరింత లౌకికమైన లెక్క. స్వాస్థ్యం అన్యుల పాలైంది (5:2). తమ నీళ్లు తాము డబ్బిచ్చి త్రాగవలసి వచ్చింది (5:4). యౌవనులు తిరుగటిరాళ్ల క్రింద నలిగారు (5:13). పెద్దలు గుమ్మం దగ్గర కూర్చోవడం మానారు, పడుచువారు పాట మానారు (5:14). వెంకన్న పాట వినే చెవితో ఈ అధ్యాయం చదివితే, ఇది ఏదో దేశపు చరిత్ర అనిపించదు.

ఇంకొక సంగతి. బైబిలులో విలాపం నేర్పబడేది. సౌలు, యోనాతానుల మీద కట్టిన గీతాన్ని యూదావారికి నేర్పమని దావీదు ఆజ్ఞాపించాడు (2 సమూ 1:17-18). యోషీయా మరణించినప్పుడు యిర్మీయా విలపించగా, గాయకులును గాయకురాండ్రును ఆ విలాపాన్ని తరువాతి కాలంలోనూ పాడుతూ వచ్చారు (2 దిన 35:25). యిర్మీయా 9:17-20లో దేవుడు స్వయంగా రోదనం చేసే స్త్రీలను పిలిపించమంటాడు. వారు తమ కుమార్తెలకు ఆ విద్యను నేర్పాలట. అనగా ఏడ్పు నేర్పే మనుష్యులు ఒక సమాజానికి అవసరమని ప్రవక్త ఉద్దేశం. వెంకన్నను నేను ఆ వరుసలో చూస్తాను. ఆయన సంఘ సభ్యుడు కాకపోవచ్చు. గాని ఆయన చేసే పని యిర్మీయా పిలిచిన స్త్రీల పని.

3. మన ఆరాధనలో లేనిది

ఈ పని మన ఆరాధనలో ఎవరు చేస్తున్నారు? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కన్నీరు లేకపోలేదు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు మొదలుకొని మన కీర్తనకారులు రాగతాళాలలో లోతైన భక్తిని పాడారు. ఆ భక్తికి తెలుగు భక్తి సంప్రదాయంతో ఉన్న సంబంధాన్ని ఆర్.ఆర్. సుందరరావు గారు 1983లో వెలువడిన తమ ఆంగ్ల గ్రంథంలో వివరించారు. అయితే ఆ కన్నీరు ఎక్కువగా రెండు స్థలాలలో కారుతుంది. ఒకటి విశ్వాసి తన పాపమును గూర్చి ఏడ్చేది. రెండవది క్రీస్తు సిలువ యొద్ద ఏడ్చేది. ఊరంతా కలిసి, తమ నీటిని గూర్చి, భూమిని గూర్చి, చనిపోయిన కూలివానిని గూర్చి దేవుని యెదుట పెట్టే మొర అరుదు.

కీర్తనల గ్రంథంలో దాదాపు మూడవ వంతు విలాప కీర్తనలే. వాల్టర్ బ్రూగెమన్ 1986లో వ్రాసిన ఒక వ్యాసంలో, సంఘం విలాపాన్ని పోగొట్టుకుంటే దానితో పాటు న్యాయాన్ని గూర్చి అడిగే ధైర్యాన్ని కూడా పోగొట్టుకుంటుందని వాదించాడు. స్తుతి మాత్రమే తెలిసినవాడు ఉన్న పరిస్థితిని అంగీకరించడానికి అలవాటు పడతాడు. ఈ మాట మన ప్రాంతానికి చక్కగా వర్తిస్తుంది. ప్రక్కన గట్టు తెగినా, నీరు పాడైనా, ఆదివారం ఆరాధనలో మొదటి పాట స్తుతి పాటే.

1 థెస్సలొనీకయులకు 4:13ను మనం తరచుగా భూస్థాపన దగ్గర వాడతాము. పౌలు అక్కడ దుఃఖాన్ని నిషేధించలేదు. నిరీక్షణ లేని దుఃఖాన్ని గూర్చి మాట్లాడాడు. నేను ఆ వచనాన్ని ఒక తల్లి నోరు మూయడానికి వాడాను. లాజరు సమాధి యొద్ద, అతనిని లేపబోవుచున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీరు విడిచాడు (యోహాను 11:35). ఆయనకంటె నాకు నిరీక్షణ ఎక్కువ ఉన్నదా?

4. అభిమానానికి పరీక్ష

ఇంతవరకు వ్రాసినది అభిమాని మాట. ఇక అభిమానినే పరీక్షకు పెట్టాలి.

యెహెజ్కేలు 33:30-33 ప్రసంగీకులు ఎక్కువగా తమ శ్రోతలను గద్దించడానికి వాడే భాగం. నిజానికి అది ఒక కళాభిమానుల గుంపును గూర్చిన వర్ణన. జనులు గోడల దగ్గర, ఇంటి ద్వారాల దగ్గర ప్రవక్తను గూర్చి మాట్లాడుకుంటారు. రండి, విందాము అని ఒకరినొకరు పిలుచుకుంటారు. వచ్చి కూర్చుంటారు. వారికి ఆయన మంచి గొంతుతో, వాద్యం చక్కగా వాయిస్తూ ప్రేమ పాటలు పాడే గాయకునివలె ఉన్నాడు. వింటారు గాని చేయరు. ఎందుకు చేయరో 31వ వచనం చెబుతుంది. వారి నోట ప్రేమ ఉన్నది, హృదయం మాత్రం లాభం వెంట పోతున్నది.

యెరూషలేము కూలిపోయిందన్న వార్త అందిన వెంటనే (33:21) ఈ మాటలు వస్తాయి. అనగా అవి విలపించవలసిన దినాలు. ఆ దినాలలో జనులు మంచి గొంతును ఆస్వాదిస్తున్నారు. ఆమోసు 6:5-6లోనూ ఇదే నింద. దావీదువలె వాద్యాలు కల్పించుకుంటారు, యోసేపు సంతతివారు పొందిన ఉపద్రవానికి మాత్రం చింతపడరు.

నా అభిమానం ఈ అద్దంలో ఏ రూపంలో కనబడింది? 'పల్లె కన్నీరు' పాటను కళాశాలల వార్షికోత్సవాలలో విన్నాను, టీవీ పాటల పోటీలలో విన్నాను. చివర చప్పట్లు. న్యాయనిర్ణేత గొంతును మెచ్చుకుంటాడు. ఏడ్పు ఒక అంశమై, ఆ తరువాతి అంశం మొదలవుతుంది. నేను కూడా సభ నుండి మనసు తేలికై ఇంటికి వచ్చినవాడినే. కన్నీరు నన్ను ఎక్కడికీ పంపలేదు. దీనికి పాటగాడు బాధ్యుడు కాడు, యెహెజ్కేలు బాధ్యుడు కానట్లే. పాట బాగున్న కొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది.

5. పాటను అడగవలసిన రెండు ప్రశ్నలు

అభిమానం నిజమైనదైతే పాటను ప్రశ్నించగలగాలి. నాకు రెండు ప్రశ్నలు ఉన్నాయి.

మొదటి ప్రశ్న: ఏడ్చే ఈ పల్లె ఎవరిది? 'పల్లె కన్నీరు' పాటలో చేతివృత్తులు పూర్వం నిండుగా ఉన్న ఊరు కనబడుతుంది. ఆ నిండుతనంలో ఊరి బయట ఉన్నవారి వంతు ఎంత? 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ గ్రామాన్ని గూర్చి చేసిన తీవ్ర విమర్శ మనకు తెలిసినదే. మన సంఘ సభ్యులలో అధిక సంఖ్యాకుల తాతముత్తాతలు ఆ ఊరి బావిలో నీరు తోడుకోలేకపోయారు. అట్టివారు ఆ ఊరి కొరకు ఏడ్వగలరా? వెంకన్నకు ఈ సంగతి తెలియదని నేను అనను. 'గల్లీ చిన్నది' పాటలో ఆయన పేదల వాడనే కేంద్రంలో నిలబెట్టారు. గాని ప్రజలు ఎక్కువగా ప్రేమించినది పల్లె పాటనే. పోయిన కాలాన్ని తలచుకోవడం మనకు తీపి. సీయోను కూడా పూర్వపు రమ్యమైన వస్తువులను తలచుకుంది (విలాప 1:7). అయితే అక్కడితో ఆగలేదు. మన మార్గములను పరిశోధించుకొందము అని 3:40లో లేచింది. తిరుగుబాటు చేసిన సంగతి 3:42లో ఒప్పుకుంది. పల్లె కొరకు ఏడ్చే మనం, పల్లె చేసిన పాపాన్ని కూడా ఏడ్వాలి.

రెండవ ప్రశ్న: ఈ ఏడ్పు ఎవరితో? ఆ పాటలోని శత్రువు కంటికి కనబడని కుట్ర. అది ప్రపంచీకరణ కాలపు వాస్తవమే. పాట వినేవారిని ఉద్దేశించి పాడబడింది. విలాపవాక్యములు మాత్రం త్రోవను పోయేవారితో మొదలై దేవుని వైపు తిరుగుతాయి. చూడుము అని ఆయననే పిలుస్తాయి (1:9, 1:11, 2:20, 5:1). ఆశ్చర్యమేమిటంటే ఆ ఐదు అధ్యాయాలలో దేవుడు తానుగా జవాబు పలకడు. కాథ్లీన్ ఓకానర్ 2002లో ప్రచురించిన తన పుస్తకంలో ఈ మౌనాన్ని ముఖ్యంగా గుర్తించింది. దేవుడు మాట్లాడకపోవడం వలన ఏడ్చేవారి గొంతుకు ఎవరూ అడ్డు రారు. ఆ మాట నన్ను మరల ఆ శవపేటిక దగ్గరకు తీసుకుపోయింది. దేవుడే మౌనంగా విన్న చోట సేవకుడు తొందరపడి మాట్లాడాడు.

6. కొల్లేటి ఒడ్డున విలాపం

ఈ రెండు ప్రశ్నలను మన ప్రాంతంలో పెట్టి చూద్దాం. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలైనవి దానిలోనికి వస్తాయి. ఉప్పుటేరు దాని నీటిని సముద్రానికి చేరుస్తుంది. 1970ల నుండి సరస్సులో చేపల చెరువులు పెరిగాయి. సహకార సంఘాల పేర మొదలైనవి చాలా చోట్ల కౌలు రూపంలో పెట్టుబడి గలవారి చేతులలోనికి పోయాయి. 1999లో కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో, అనగా 'పల్లె కన్నీరు' పాట మన చెవిని పడిన సంవత్సరంలోనే, అది రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చెరువుల గట్లను తెగగొట్టారు.

ఇక్కడ ఎవరు ఏడ్వాలి? వలతో బ్రదికిన జాలరివానికి గట్లు కట్టిననాడే సరస్సు పోయింది. చెరువు పనిలో కూలి దొరికినవానికి గట్లు తెగిననాడు పని పోయింది. పెట్టుబడి పెట్టినవానికి డబ్బు పోయింది. వీరందరినీ కలిపి 'కొల్లేరు ఏడుస్తున్నది' అంటే పాట బాగానే ఉంటుంది, నిజం మాత్రం సగమే చెప్పినట్లు. ఇక్కడ కుట్ర కనబడనిది కాదు. కౌలు కాగితం మీద సంతకాలు ఉంటాయి. ఆ సంతకం చేసినవారిలో కొందరు మన మందిరాలకు కానుకలు ఇచ్చేవారు. ఆ కానుకను సంతోషంగా తీసుకున్న సేవకులలో నేనూ ఒకడిని. చుట్టూ నీరుండి త్రాగే నీటిని డబ్బాలలో కొనుక్కునే ఊళ్లలో, విలాప 5:4ను మనం ప్రసంగ వాక్యంగా ఎందుకు ఎన్నుకోము? ఎన్నుకుంటే 3:42 కూడా చదవాలి. అందులో మన పేరు ఉంటుంది.

కనుక సేవకులకు, విద్యార్థులకు నాలుగు మనవులు.

ఒకటి, భూస్థాపన దగ్గర స్త్రీల రాగాన్ని ఆపవద్దు. ముగిసేవరకు కూర్చుని వినండి. తరువాత ఒక విలాప కీర్తన చదవండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది. దానికి సంతోషకరమైన ముగింపు తగిలించవలసిన పని లేదు.

రెండు, శ్రమకాల ధ్యానాలలో ఒక సాయంత్రం విలాపవాక్యములు 5వ అధ్యాయానికి కేటాయించండి. ఒక్కొక్క వచనం తరువాత సంఘస్థులు తమ ఊరి నష్టాన్ని ఒక్కొక్కటిగా చెప్పాలి. పెద్దల పేర్లకు భయపడి సాధారణ మాటలు చెప్పుకోవద్దు.

మూడు, విద్యార్థులు సెలవులలో తమ తల్లుల, నాయనమ్మల ఏడ్పు పాటలను వారి అనుమతితో వ్రాసికోవాలి. మన ప్రాంతపు వేదాంతానికి మూల గ్రంథాలు అవి. హెబ్రీ కీనా నేర్చుకునేవాడు అమ్మ రాగం తెలియనివాడుగా ఉండకూడదు.

నాలుగు, వెంకన్న బాణీ తెచ్చి దానిలో యేసు నామం పెట్టి పాడవద్దు. సినిమా పాటలతో మనం అది చాలా చేశాం. బాణీ అరువు దొరుకుతుంది, ఏడ్పు అరువు దొరకదు. ఆయన తన ఊరి వాగును తన యాసలో పాడారు. మనం కొల్లేటిని మన యాసలో, మన దేవుని యెదుట పాడాలి. ఆయన నుండి నేర్చుకోవలసిన పాఠం ఇదే.

ముగింపు

ఒలీవల కొండ దిగివస్తూ ప్రభువు పట్టణాన్ని చూచి ఏడ్చాడు (లూకా 19:41). ఆ వెంటనే దేవాలయంలోనికి వెళ్లి అమ్మేవారిని వెళ్లగొట్టాడు (19:45). ఆయన కన్నీటికి, ఆ పనికి మధ్య మూడు వచనాలే ఉన్నాయి. నా కన్నీటికి, నా పనికి మధ్య ఇరవై సంవత్సరాలకు పైగా గడిచాయి.

గోరటి వెంకన్న పాట మీద నా అభిమానం తగ్గలేదు. ఇప్పుడు ఆ పాట విన్నప్పుడు చప్పట్లు కొట్టడానికి మాత్రం చెయ్యి లేవదు. ఆ తల్లి జ్ఞాపకం వస్తుంది. ఈ మధ్య ఆమె ఇంటికి వెళ్లి, ఆనాడు నేను ఆపిన పాట మిగతాది వినిపించమని అడిగాను. ఆమె కొంతసేపు నేల చూసి, "ఇప్పుడెందుకులే అయ్యగారూ" అన్నది. నేను లేచి రాలేదు. చాలాసేపటి తరువాత, పని చేసుకుంటూనే, మెల్లగా ఎత్తుకున్నది. నేను ఏమీ మాట్లాడలేదు.